కీళ్ల సప్లిమెంట్లు సరిగ్గా వాడటం ఎలా: మొదలుపెట్టే ముందు నుంచి ఆపేదాకా

"మోకాళ్లు నొప్పులుగా ఉంటున్నాయి, వయసు కూడా మీద పడుతోంది, ఏదైనా మంచి సప్లిమెంట్ పేరు చెప్పండి" అని అడిగేవాళ్లే ఎక్కువ. పేరు చెప్పడం ఎంతసేపు, కానీ పేరు ఒక్కటీ తెలిస్తే ఏం లాభం, ఎంత డోసు, ఎన్నాళ్లు, ఇప్పటికే వేసుకుంటున్న బీపీ షుగర్ మాత్రలతో పడుతుందా పడదా, పని చేసిందో లేదో ఎలా తెలుస్తుంది, ఇవన్నీ డబ్బా మీద దొరకవు. అందుకే వరసగా రాస్తున్నా.

ముందే ఒక మాట. ఏ సప్లిమెంట్ అయినా సరే మొదలుపెట్టే రోజే ఆపే తేదీ కూడా రాసుకోండి, ఒకసారికి ఒక్కటే వాడండి. కింద చెప్పినవన్నీ ఈ రెండూ కుదరడానికే.

1. ఇది సప్లిమెంట్‌తో చూసుకునే నొప్పేనా?

కీళ్ల నొప్పులన్నీ ఒకటి కాదు. వయసుతో వచ్చే అరుగుదల, అంటే ఆస్టియోఆర్థరైటిస్ అయితే మామూలుగా పని చేసేకొద్దీ నొప్పి పెరుగుతుంది, కాసేపు కూర్చుంటే తగ్గుతుంది, పొద్దున్నే లేవగానే కీళ్లు పట్టేసినట్టు ఉన్నా అరగంటలోపే వదిలేస్తాయి. ఈ గైడ్ ఇలాంటి నొప్పి గురించే.

రుమటాయిడ్ ఆర్థరైటిస్ వేరు. అందులో మన రోగనిరోధక శక్తే కీళ్ల మీద పడుతుంది, పొద్దున బిగుతు గంట, ఆపైన కూడా ఉంటుంది, చేతివేళ్ల కణుపులు రెండు వైపులా వాచిపోతాయి. దానికి మెథోట్రెక్సేట్ లాంటి మందులు తొందరగా మొదలుపెడితేనే కీలు పాడవకుండా ఆగుతుంది. ఆ టైంలో గ్లూకోసమిన్ లాంటి కీళ్ల సప్లిమెంట్ వేసుకుంటూ ఆర్నెల్లు గడిపేస్తే పోయేది కీలే. గౌట్ ఇంకో రకం, సాధారణంగా రాత్రికి రాత్రి కాలి బొటనవేలు దగ్గర ఎర్రగా వాచి దుప్పటి తగిలినా ఓర్చుకోలేనంత నొప్పి వస్తుంది.

ఇవి ఉంటే సప్లిమెంట్ సంగతి పక్కన పెట్టి ముందు డాక్టర్‌ని కలవండి:

- కీలు వేడిగా, ఎర్రగా వాచి జ్వరం కూడా ఉంది (ఇది ఆ రోజే చూపించుకోవాలి, రేపటికి వద్దు)
- పడ్డాక కాలు మీద బరువు వెయ్యలేకపోతున్నారు
- పొద్దున బిగుతు అరగంట దాటి గంటకి దగ్గరవుతోంది
- రాత్రి నిద్రలో కూడా నొప్పి వదలట్లేదు, కారణం లేకుండా బరువు తగ్గుతున్నారు
- నడుం నుంచి కాలిలోకి లాగుతోంది, తిమ్మిరి ఉంది

కాళ్లు మంటలు, తిమ్మిర్లు అంటూ కూడా కొంతమంది కీళ్ల మందులే కొనుక్కుంటారు. అది చాలాసార్లు నరాల సమస్య. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో విటమిన్ బీ12 తగ్గొచ్చు, అది చూపించుకోవాలి.

ఎక్స్‌రే గురించి కూడా చెప్పాలి. "గుజ్జు అరిగిపోయింది" అని రిపోర్టు చూసి భయపడిపోతారు గానీ ఎక్స్‌రేలో కనిపించే అరుగుదలకీ మనకి తెలిసే నొప్పికీ లెక్క కుదరదు, బాగా అరిగినట్టు కనిపించేవాళ్లు హాయిగా నడుస్తుంటారు, కొంచెమే అరిగినవాళ్లు మెట్లు ఎక్కలేరు. అందుకే మనం ఎక్స్‌రే వెంట పడకుండా నొప్పినీ పనినీ కొలుద్దాం.

2. ఇప్పుడు వేసుకుంటున్న మందులన్నీ ఒక కాగితం మీద

ఇది దాటేసి ముందుకెళ్లొద్దు. రోజూ వేసుకునే మాత్రలు, అప్పుడప్పుడూ వేసుకునే నొప్పి మాత్రలు, మల్టీవిటమిన్, ఎవరో ఇచ్చిన పొడులు, పూసుకునేవి, అన్నీ డోసుతో సహా రాయండి. రాశాక కింద లిస్టుతో పోల్చి చూడండి.

- వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా వాడే మందు) వాడుతున్నారా: గ్లూకోసమిన్, కాండ్రాయిటిన్ రెండూ ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూపే టెస్ట్ నంబర్) పెంచగలవు, పసుపు నుంచి తీసే కర్క్యుమిన్, ఎక్కువ డోసు ఫిష్ ఆయిల్ విషయంలోనూ రక్తస్రావం భయం ఉంది. విటమిన్ డీ3తో కలిపి అమ్మే విటమిన్ కే2 అయితే దానికి ఎదురు, వార్ఫరిన్ పనిని తగ్గిస్తుంది. డాక్టర్‌కి చెప్పకుండా ఏదీ మొదలుపెట్టొద్దు.
- ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి: కర్క్యుమిన్, ఫిష్ ఆయిల్ మొదలుపెట్టే ముందు అడగాలి.
- షుగర్: గ్లూకోసమిన్ వల్ల చాలామందికి షుగర్ పెద్దగా మారదు, అయినా మొదటి నెల కాస్త తరచుగా చెక్ చేసుకోండి.
- గ్లకోమా: గ్లూకోసమిన్‌తో కంటి ప్రెషర్ పెరగొచ్చన్న అనుమానం ఉంది, కంటి డాక్టర్‌కి చెప్పండి.
- గుండె లయ తప్పడం, ఏట్రియల్ ఫిబ్రిలేషన్: ఒమేగా 3 (ఫిష్ ఆయిల్ లాంటివాటిలో ఉండే కొవ్వు) ఎక్కువ డోసులో ఈ రిస్క్ పెరుగుతుంది. సొంతంగా వద్దు.
- లివర్, పిత్తాశయంలో రాళ్లు: కర్క్యుమిన్ క్యాప్సూల్స్ జోలికి వెళ్లొద్దు.
- కిడ్నీ సమస్య, కిడ్నీ రాళ్లు: కాల్షియం, విటమిన్ డి, ఎక్కువ విటమిన్ సి, ప్రోటీన్ పొడి, అన్నీ అడిగే వాడాలి.
- థైరాయిడ్ మాత్ర: కాల్షియం, ఐరన్ కలిసినవి ఏవైనా దానికి 4 గంటల దూరంలో.
- రొయ్యలు, పీతలు పడవు: గ్లూకోసమిన్ ఎక్కువగా వాటి పెంకుల నుంచే తీస్తారు. మొక్కజొన్న నుంచి ఫెర్మెంట్ చేసి తీసింది కూడా దొరుకుతుంది, లేబుల్ మీద చూసుకోవాలి.
- ఆస్పిరిన్ పడదు: కొన్ని కాంబినేషన్లలో విల్లో బార్క్ అనే చెట్టు బెరడు ఉంటుంది, అందులో ఉండేది ఆస్పిరిన్‌కి దగ్గరి చుట్టమే.

టెస్టులు ఈ మధ్య చేయించుకోకపోతే మొదలుపెట్టే ముందు ఒకసారి 25-హైడ్రాక్సీ విటమిన్ డి (ఒంట్లో విటమిన్ డి ఎంతుందో చూపే టెస్ట్), కాల్షియం, క్రియాటినిన్ (కిడ్నీ టెస్ట్), లివర్ ఎంజైములు చూపించుకుంటే మంచిది. రేపు ఏదన్నా తేడా వస్తే పాత నంబర్ చేతిలో ఉంటుంది.

3. రెండు వారాలు ఏమీ మార్చకుండా కొలవండి

ఇది అందరూ వదిలేసే స్టెప్. అరుగుదల నొప్పి ఒకేలా ఉండదు, కొన్ని వారాలు విజృంభిస్తుంది, కొన్ని వారాలు తనంతట తనే సర్దుకుంటుంది. మనం సప్లిమెంట్ కొనేదెప్పుడు? బాగా విజృంభించినప్పుడు. అప్పుడు ఏం వేసుకున్నా రెండు వారాల్లో కొంచెం తగ్గుతుంది, ఆ క్రెడిట్ అంతా డబ్బాకి పోతుంది.

మాటవరసకి అనట్లేదు. గ్లూకోసమిన్, కాండ్రాయిటిన్ మీద అమెరికాలో జరిగిన పెద్ద ట్రయల్ ఒకటుంది, గెయిట్ అంటారు, 2006లో ఫలితాలు వచ్చాయి, మోకాలి నొప్పి ఉన్న 1583 మంది మీద చేశారు. అందులో ఏ మందూ లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో కూడా దాదాపు 60 శాతం మందికి నొప్పి చెప్పుకోదగ్గంత తగ్గింది. అంటే "నాకు తగ్గింది" అన్న మాట ఒక్కటే పట్టుకుని ఆ సప్లిమెంట్ పనిచేసిందని తేల్చలేం.

కాబట్టి ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని రెండు వారాలు ఇవి రాయండి:

- రోజూ రాత్రి: ఆ రోజు నొప్పి 0 నుంచి 10లో ఎంత
- పొద్దున బిగుతు ఎన్ని నిమిషాలు
- ఆ రోజు వేసుకున్న నొప్పి మాత్రలు ఎన్ని
- వారానికోసారి: కుర్చీ టెస్ట్

కుర్చీ టెస్ట్ ఇలా. చేతులు లేని, సీటు సుమారు 43 సెంటీమీటర్ల ఎత్తున్న గట్టి కుర్చీని గోడకి ఆనించి పెట్టాలి, జారకూడదు. మధ్యలో కూర్చుని, పాదాలు నేల మీద పూర్తిగా ఆనించి, చేతులు ఛాతీ మీద అడ్డంగా కట్టుకుని, ఫోన్‌లో 30 సెకన్ల టైమర్ పెట్టి, పూర్తిగా నిలబడి మళ్లీ కూర్చోవడం ఎన్నిసార్లు అవుతుందో లెక్కపెట్టాలి. సగం లేచి కూర్చుంటే లెక్కలోకి రాదు, చేతులు ఆనించి లేస్తే ఆ స్కోరు సున్నా. పక్కన ఎవరో ఒకరు ఉండాలి. 65 నుంచి 69 ఏళ్ల మధ్య మగవాళ్లకి 12 కంటే, ఆడవాళ్లకి 11 కంటే తక్కువ వస్తే సగటు కన్నా కింద ఉన్నట్టు. ఎప్పుడూ అదే కుర్చీ, దాదాపు అదే టైం.

4. ఏది ఎంచుకోవాలి

డబ్బా మీద పది పేర్లున్న కాంబినేషన్ కొనడం సులువే, కానీ పడకపోతే పదింట్లో ఏది పడలేదో తెలీదు, పనిచేస్తే ఏది పనిచేసిందో తెలీదు, పైగా పదీ ఒక్క మాత్రలో కుక్కాలి కాబట్టి చాలాసార్లు ఏదీ సరైన డోసులో ఉండదు. విడివిడిగా ఉన్నవే చూడండి.

*విటమిన్ డి.* లోపం ఉంటే ముందు ఇదే. రక్తంలో మిల్లీలీటరుకి 20 నానోగ్రాముల కంటే తక్కువ ఉంటే సరిచెయ్యాల్సిందే, ఎముకకీ కండరానికీ అవసరం. లోపం లేనివాళ్లు మోకాలి నొప్పి కోసం వేసుకుంటే మాత్రం ఉపయోగం కనబడలేదు, రెండేళ్ల పాటు చేసిన ట్రయల్స్‌లో నొప్పీ తగ్గలేదు, కార్టిలేజ్ (కీలులోని గుజ్జు) అరగడమూ ఆగలేదు. రోజువారీ అవసరం 70 ఏళ్ల దాకా 600 ఐయూ (విటమిన్ డి కొలిచే యూనిట్), ఆ తర్వాత 800. డాక్టర్ చెప్పకుండా రోజుకి 4000 ఐయూ దాటొద్దు.

*గ్లూకోసమిన్, కాండ్రాయిటిన్.* అందరికీ తెలిసిన జంట ఇదే, దీని మీద గొడవ కూడా అంతే. పైన చెప్పిన గెయిట్ ట్రయల్‌లో మొత్తం మీద చూస్తే ఉత్తుత్తి మాత్రకన్నా పెద్ద తేడా రాలేదు, నొప్పి బాగా ఎక్కువున్న చిన్న గుంపులో మాత్రం రెండూ కలిపి వాడినవాళ్లకి కొంత మేలు కనిపించింది. 2019లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ ఇచ్చిన గైడ్‌లైన్‌లో అయితే మోకాలికి, తుంటికి గ్లూకోసమిన్ వద్దని గట్టిగానే రాశారు, కాండ్రాయిటిన్‌ని చేతి కీళ్లకి మాత్రం కావాలంటే వాడి చూడొచ్చన్నారు. మరి ఎందుకు రాస్తున్నావు అంటే, మీరు ఎలాగూ వాడతారు కాబట్టి. వాడితే గ్లూకోసమిన్ సల్ఫేట్ రూపం రోజుకి 1500 మి.గ్రా., కాండ్రాయిటిన్ 800 నుంచి 1200 మి.గ్రా., కనీసం మూడు నెలలు. గ్లూకోసమిన్ సల్ఫేట్ నిలవ ఉండటానికి అందులో సోడియం క్లోరైడో పొటాషియం క్లోరైడో కలుపుతారు, బీపీ కిడ్నీ సమస్యలున్నవాళ్లు అది చూడాలి. కాండ్రాయిటిన్ పశువుల నుంచి, పంది నుంచి, షార్క్ నుంచి తీస్తారు, శాకాహారులకి కుదరదు.

*కర్క్యుమిన్.* నొప్పి తగ్గించడంలో చిన్న ట్రయల్స్ ఆశగానే ఉన్నాయి. 139 మంది మీద 28 రోజులు చేసిన ఒకదాంట్లో 500 మి.గ్రా. కర్క్యుమిన్ రోజుకి మూడుసార్లు వేసుకున్నవాళ్లకీ, డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర 50 మి.గ్రా. రెండుసార్లు వేసుకున్నవాళ్లకీ నొప్పి ఇంచుమించు ఒకేలా తగ్గింది, కడుపు ఇబ్బందులు కర్క్యుమిన్ వాళ్లలో తక్కువ. 28 రోజులే అని గుర్తుంచుకోండి. పసుపులో కర్క్యుమిన్ ఉండేది 3 శాతం చుట్టుపక్కల, అది కూడా ఒంటికి సరిగ్గా పట్టదు, అందుకే క్యాప్సూల్స్‌లో మిరియాల నుంచి తీసిన పైపరిన్ కలుపుతారు. ఇక్కడే జాగ్రత్త, ఒంటికి బాగా పట్టేలా చేసిన ఈ రకాలతోనే కొంతమందికి లివర్ దెబ్బతిన్న కేసులు వచ్చాయి. మూత్రం ముదురు రంగు, కళ్లు పచ్చబడటం, దురద, వికారం, అన్నం సహించకపోవడం, ఇందులో ఏది వచ్చినా అక్కడికక్కడే ఆపేసి లివర్ టెస్ట్ చేయించాలి. కూరలో వేసుకునే పసుపుకి ఈ భయం అక్కర్లేదు.

*బోస్వెల్లియా.* సాంబ్రాణి జాతి చెట్టు జిగురు. ఒంట్లో 5-లాక్స్ అనే ఎంజైమ్‌ని అడ్డుకుని వాపు తగ్గిస్తుంది. ఏకేబీఏ అనే పదార్థం ఎక్కువుండేలా తయారుచేసిన రకాలు రోజుకి 100 నుంచి 250 మి.గ్రా. చాలు, మామూలు ఎక్స్‌ట్రాక్ట్ అయితే డోసు చాలా ఎక్కువ. ట్రయల్స్ చిన్నవే, కానీ ఈ లిస్టులో నా ఓటు దీనికే, ఎందుకంటే నెలా రెండు నెలల్లో తేలిపోతుంది. కడుపులో మంట, విరేచనాలు కొంతమందికి వస్తాయి.

*కొల్లాజెన్.* రెండు రకాలు, డోసుల్లో భూమ్యాకాశాల తేడా. పొడిగా దొరికే హైడ్రోలైజ్డ్ కొల్లాజెన్ రోజుకి 10 గ్రాములు, అన్‌డినేచర్డ్ టైప్ 2 కొల్లాజెన్ అయితే 40 మి.గ్రా. మాత్రమే. చాలా స్టడీలకి డబ్బు పెట్టింది తయారుచేసే కంపెనీలే, అది మనసులో పెట్టుకునే చదవాలి. తిన్న కొల్లాజెన్ నేరుగా వెళ్లి మోకాలికి అతుక్కోదు, అరిగి ముక్కలయ్యాకే రక్తంలోకి వెళ్తుంది. వీగన్ కొల్లాజెన్ అని అమ్మేవాటిలో మామూలుగా కొల్లాజెన్ ఉండదు, విటమిన్ సి, అమైనో ఆమ్లాలు ఉంటాయి అంతే.

*ఒమేగా 3.* అరుగుదల కన్నా రుమటాయిడ్‌లోనే దీని పని స్పష్టం, అక్కడ ఈపీఏ, డీహెచ్ఏ (చేప నూనెలో ఉండే రెండు ఒమేగా 3 కొవ్వులు) కలిపి రోజుకి 2.7 నుంచి 3 గ్రాములు మూడు నెలలు వాడితే నొప్పి మాత్రల అవసరం తగ్గింది, అది కూడా అసలు మందులతో పాటు వాడినప్పుడు. మామూలు మోకాలి అరుగుదలకి 2024లో వచ్చిన క్రిల్ (చిన్న రొయ్యలాంటి సముద్రజీవి) ఆయిల్ ట్రయల్‌లో 262 మందిలో సగం మంది 24 వారాలు రోజుకి 2 గ్రాములు వేసుకున్నా ఉత్తుత్తి మాత్రకి దానికీ తేడా లేదు.

*ఎంఎస్ఎం.* గంధకం ఉన్న ఒక పదార్థం. చిన్న ట్రయల్స్, చిన్న ఫలితం. మిగతావి అయ్యాక చూడొచ్చు.

*కాల్షియం.* ఇది ఎముకకి, కీలు నొప్పికి కాదు. మోకాలి నొప్పి తగ్గడానికని వాడుతుంటే తగ్గకపోవడంలో ఆశ్చర్యం లేదు. 50 దాటాక తిండీ మాత్రా అన్నీ కలిపి రోజుకి 2000 మి.గ్రా. దాటకూడదు, ఒకేసారి 500 మి.గ్రా. కంటే ఎక్కువ ఒంటికి సరిగ్గా పట్టదు కూడా.

5. లేబుల్ చదవడం

డబ్బా ముందు వైపు వదిలేసి వెనక్కి తిప్పండి. ఉదాహరణకి ఫిష్ ఆయిల్ తీసుకోండి, ముందు పెద్ద అక్షరాలతో 1000 మి.గ్రా. అని ఉంటుంది, వెనక చూస్తే ఈపీఏ 180, డీహెచ్ఏ 120, అంటే మనకి పనికొచ్చేది 300 మి.గ్రా., మిగతాదంతా ఉత్త నూనె. రోజుకి 2.7 గ్రాములు కావాలంటే అలాంటివి 9 మింగాలి. ఒక్కో క్యాప్సూల్లో ఈ రెండూ ఎక్కువున్న రకం కొనుక్కుంటే మూడు నాలుగుతో అయిపోతుంది. ఆ పక్కనే సర్వింగ్ సైజ్ అని చిన్నగా రాసి ఉంటుంది, అక్కడ 2 క్యాప్సూల్స్ అని ఉంటే పైన ఇచ్చిన నంబర్లు రెండింటికి కలిపి, అది చూడక సగం డోసే వేసుకుంటూ పనిచెయ్యట్లేదనుకునేవాళ్లు బోలెడుమంది.

కొత్త సీసా తెరిచాక ఒక క్యాప్సూల్ కోసి వాసన చూడండి. చేప వాసన కొద్దిగా ఉంటే ఫర్లేదు, పాత పెయింట్ డబ్బాలా ముక్కుపుటాలకి కొడితే నూనె పాడైనట్టు, పారెయ్యండి. నిమ్మ ఫ్లేవర్ వేసినవాటిలో ఇది తెలీదు. చేప వద్దనుకునేవాళ్లకి ఆల్గే నూనె ఉంది. కాడ్ లివర్ ఆయిల్‌తో ఈ డోసు అందుకోవాలని చూడొద్దు, అందులో విటమిన్ ఏ ఎక్కువ, ఏళ్ల తరబడి ఎక్కువైతే ఎముకలకే చేటు.

కాల్షియం కార్బొనేట్ 1250 మి.గ్రా. అని ఉంటే అందులో అసలు కాల్షియం 500 మి.గ్రా. కార్బొనేట్ భోజనంతోనే, సిట్రేట్ ఎప్పుడైనా.

కొనే ముందు చూడాల్సినవి:

- ప్రతి పదార్థానికీ విడిగా డోసు ఉందా, లేక ప్రొప్రైటరీ బ్లెండ్ అని మొత్తం కలిపి ఒక్క నంబరేనా (అలా ఉంటే వద్దు)
- యూఎస్‌పీ, ఎన్ఎస్ఎఫ్ లాంటి బయటి సంస్థ పరీక్షించిన ముద్ర ఉందా
- బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ, తయారీదారు చిరునామా
- "మూడు రోజుల్లో నొప్పి మాయం" లాంటి మాట ఉందా

ఈ చివరిది మరీ ముఖ్యం. నిజమైన సప్లిమెంట్ ఏదీ మూడు రోజుల్లో నొప్పిని మాయం చెయ్యదు, చేసిందంటే లోపల ఇంకేదో ఉన్నట్టే అనుమానించాలి. 2022లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆర్ట్రీ కింగ్ పేరుతో అమ్ముతున్న కీళ్ల సప్లిమెంట్ల మీద హెచ్చరికలు ఇచ్చింది, వాటిలో లేబుల్ మీద లేని డైక్లోఫెనాక్, డెక్సామెథసోన్ దొరికాయి. డెక్సామెథసోన్ స్టెరాయిడ్. నెలల తరబడి తెలీకుండా స్టెరాయిడ్ తింటే షుగర్ పెరుగుతుంది, ముఖం ఉబ్బుతుంది, ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ ఆగిపోతుంది. అలాంటిది వాడుతున్నామని అనుమానం వస్తే ఠక్కున ఆపడం కూడా ప్రమాదమే, డబ్బా పట్టుకుని వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఎలా తగ్గించాలో వాళ్లే చెప్పాలి.

6. మొదలుపెట్టే వరస

1. నోట్‌బుక్‌లో మొదటి పేజీ: పేరు, డోసు, మొదలుపెట్టిన తేదీ, ఆపే తేదీ. బోస్వెల్లియా, కర్క్యుమిన్‌కి 8 వారాలు, గ్లూకోసమిన్, ఒమేగా 3కి 12 వారాలు, కొల్లాజెన్‌కి 12 నుంచి 24 వారాలు.
2. మొదటి వారం సగం డోసు, భోజనంతో. కడుపు, చర్మం, నిద్ర ఎలా ఉన్నాయో చూడండి.
3. రెండో వారం నుంచి పూర్తి డోసు. విటమిన్ డి, ఫిష్ ఆయిల్, కర్క్యుమిన్ కొంచెం నూనె, కొవ్వు ఉన్న భోజనంతో వేసుకుంటే బాగా పడతాయి.
4. రోజూ ఒకే టైం. థైరాయిడ్ మాత్ర ఉంటే ముందు దాని లెక్క చూసుకుని మిగతావి సర్దాలి.
5. ఈ వారాల్లో ఇంకో కొత్త సప్లిమెంట్, కొత్త ఆయిల్ మసాజ్, కొత్త బెల్టు ఏదీ కలపొద్దు.
6. నాలుగో వారం: షుగర్, వార్ఫరిన్ ఉంటే ఐఎన్ఆర్ (ఇది నిజానికి మొదటి రెండు వారాల్లోనే), కర్క్యుమిన్ అయితే లివర్ ఎంజైములు.
7. కుర్చీ టెస్ట్ వారం వారం.

క్యాప్సూల్ పెద్దదై మింగలేకపోతే పొడి రకం చూడండి. నూనె క్యాప్సూల్ నమలొద్దు, మాత్రని నలిపే ముందు నలపొచ్చో లేదో అడగండి.

7. వ్యాయామం సంగతి

కొత్త వ్యాయామం మొదలుపెట్టాలనుకుంటే దాన్ని సప్లిమెంట్‌కి ముందే మొదలుపెట్టి అలవాటయ్యాక కొలవడం మొదలెట్టండి, లేకపోతే రెండూ కలిసిపోతాయి. నిజం చెప్పాలంటే పైన చెప్పిన 2019 గైడ్‌లైన్ గట్టిగా సిఫారసు చేసిందీ వ్యాయామం, బరువు తగ్గడం, మోకాలికి పైపూతగా వాడే నొప్పి జెల్ లాంటివే. ఒక కిలో బరువు తగ్గితే నడిచేటప్పుడు అడుగడుక్కీ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది, ఇంత పని చేసే క్యాప్సూల్ లేదు. తొడ కండరం గట్టిపడటానికి కుర్చీలోంచి లేచి కూర్చోవడమే వ్యాయామం, వారంలో మూడు రోజులు. వయసు పైబడ్డాక కిలో బరువుకి 1 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ కావాలి, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకి ఈ లెక్క వేరు.

8. ఎక్కువగా జరిగే తప్పులు, సర్దుకునే దారి

*నాలుగు డబ్బాల్లోనూ విటమిన్ డి.* మల్టీవిటమిన్‌లో కొంత, కాల్షియంలో కొంత, కీళ్ల మాత్రలో కొంత, విడిగా ఒకటి. అన్ని లేబుళ్లూ పక్కపక్కన పెట్టి కూడండి. విపరీతమైన దాహం, మలబద్ధకం, వాంతులు, తికమక ఉంటే కాల్షియం టెస్ట్ చేయించాలి.

*వారానికోసారి వేసుకోవాల్సిన విటమిన్ డి రోజూ వేసుకోవడం.* పెద్దవాళ్ల ఇళ్లలో ఇది మామూలుగా జరుగుతుంది. స్ట్రిప్ మీద మార్కర్‌తో వారం పేరు రాసి మిగతా మాత్రల నుంచి వేరే చోట పెట్టండి. ఇప్పటికే కొన్ని రోజులు అలా వేసేసి ఉంటే ఆపి డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి.

*నొప్పి తగ్గింది కదా అని రుమటాయిడ్ మందులు మానెయ్యడం.* వద్దు. సప్లిమెంట్ ఏదైనా ఆ మందులకి తోడే, బదులు కాదు. మెథోట్రెక్సేట్ వాడేవాళ్లు కర్క్యుమిన్ కలపాలంటే లివర్ కోసం ముందు అడగాలి.

*ఫిష్ ఆయిల్ తేన్పులు.* భోజనం మధ్యలో వేసుకోండి, డోసు రెండుగా విడగొట్టండి, అయినా తగ్గకపోతే నూనె పాడైందేమో చూడండి.

*రక్తపరీక్షకి వెళ్లేటప్పుడు బయోటిన్ సంగతి చెప్పకపోవడం.* కొల్లాజెన్ పొడుల్లో జుట్టు కోసమని బయోటిన్ కలుపుతారు, ఎక్కువ డోసు ఉంటే థైరాయిడ్ టెస్ట్, గుండెపోటు తెలుసుకునే ట్రోపోనిన్ టెస్ట్ రెండూ తప్పు చూపించొచ్చు. ల్యాబ్‌లో, ముఖ్యంగా ఎమర్జెన్సీలో, తప్పకుండా చెప్పండి.

*పదిహేను రోజులకే మార్చెయ్యడం.* పడకపోతే ఆపండి, పనిచెయ్యలేదని మాత్రం రాసుకున్న తేదీ దాకా అనొద్దు.

9. రాసుకున్న తేదీ వచ్చింది, ఇప్పుడేంటి

నోట్‌బుక్ తీసి మొదటి రెండు వారాల సగటూ చివరి రెండు వారాల సగటూ పక్కపక్కన పెట్టండి. నొప్పి 10లో 2 పాయింట్లయినా తగ్గిందా, నొప్పి మాత్రలు తగ్గాయా, కుర్చీ లెక్క పెరిగిందా. మూడింట్లో ఏదీ కదలకపోతే అది మీకు కాదు, డోసు పెంచకుండా ఆపెయ్యండి. సీసాలో ఇంకా నెలకి సరిపడా ఉంది కదా అని వేసుకోవద్దు.

తగ్గిందనిపిస్తే కూడా ఒక నాలుగు వారాలు ఆపి చూడండి, రాయడం మాత్రం ఆపకండి. ఆపినా నొప్పి అలాగే తక్కువగా ఉంటే ఇక అవసరం లేదు. మళ్లీ పాత స్థాయికి పెరిగితే తిరిగి మొదలుపెట్టి, ఆర్నెల్లకోసారి ఇదే ఆపి చూసే పని చెయ్యండి. డాక్టర్ లోపానికి రాసిన విటమిన్ డి, కాల్షియం ఈ లెక్కలోకి రావు, అవి టెస్ట్ చూసి వాళ్లు చెప్పినప్పుడే ఆపాలి. విటమిన్ డి మొదలెట్టిన మూడు నెలలకి మళ్లీ టెస్ట్.

మోకాలి ఆపరేషన్ గానీ, పన్ను పీకించుకోవడం గానీ, ఏదైనా సర్జరీ ఉందనుకోండి, తేదీ ఖాయమైన రోజే ఈ నోట్‌బుక్ సర్జన్‌కీ మత్తు డాక్టర్‌కీ చూపించండి. ఫిష్ ఆయిల్, కర్క్యుమిన్, గ్లూకోసమిన్ లాంటివి ఒకటి రెండు వారాల ముందే ఆపమని చాలామంది చెప్తారు. డాక్టర్ రాసిన బ్లడ్ థిన్నర్‌ని మాత్రం ఆ లిస్టులో కలిపేసి మీ అంతట మీరు ఆపొద్దు, దాని సంగతి విడిగా అడిగి రాయించుకోండి.